ఫొటో మనది, వల దానిది

"సాలీడు ఫొటోలు బాగా రావాలంటే ఏ లెన్సు కొనాలి?" కొత్తగా కెమెరా కొన్న సాఫ్ట్‌వేరు మిత్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ముందు పరికరం కొనేసి, దాంతో ఏం చెయ్యాలో ఆనక ఆలోచించడం మన జాతి లక్షణం కదా :-) నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. లెన్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ సంచీలో ఉన్న స్ప్రే బాటిలు తీసి ఇంట్లో పెట్టండి. వలలో ఉన్న సాలీడుని ఫొటో తియ్యడంలో ముప్పాతిక వంతు పని వెలుతురుది, కోణానిది, ఓపికది. ఈ మూడూ ఉంటే వల మీద నీళ్ళు చల్లే పని లేదు. ఈ మూడూ లేకపోతే లక్ష రూపాయల లెన్సు కూడా చేసేదేమీ లేదు.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఆదివారం పొద్దున్నే గుంపుగా వెళ్ళే ఫొటో నడకల్లో ఇదొక మామూలు తతంగం. ఎవరికో ఒకరికి పొదల్లో సాలెగూడు కనిపిస్తుంది. వెంటనే ఇంకొకరు బాటిలు తీసి బుస్సుమని నీళ్ళు కొడతారు. వల నిండా ముత్యాలు. చుట్టూ పదిమంది క్లిక్కు క్లిక్కు. కొంతమంది ఇంకో మెట్టు పైకెళ్ళి మొక్కజొన్న పిండో, పౌడరో చల్లుతారు. పది నిమిషాల్లో అందరూ టిఫిను సెంటరుకి వెళ్ళిపోతారు. ఆ తడిసిన గూడు, దాని యజమానురాలు మాత్రం అక్కడే ఉంటాయి. సాయంత్రానికి "మంచులో తడిసిన ఉదయం" అనే పేరుతో ఫొటో బయటికొస్తుంది. వంద మెచ్చుకోళ్ళు పడతాయి.

అసలు నీళ్ళెందుకు చల్లుతారు? దారాలు కెమెరాకి కనపడవు కాబట్టి. ఎందుకు కనపడవో లెక్క వేసి చూస్తే పరిష్కారం కూడా అందులోనే దొరుకుతుంది. సాలీడు దారం మందం కొన్ని మైక్రాన్లు. మూడనుకుందాం. మన తల వెంట్రుక దీనికంటే ఇరవై రెట్లు లావుంటుంది. ఇప్పుడు 40 సెం.మీ. వల మొత్తాన్ని ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 24 మి.మీ. ఎత్తులో ఇరికించాలంటే ప్రతిబింబం 0.06 రెట్లకి తగ్గాలి. అంటే సెన్సరు మీద దారం మందం 0.18 మైక్రాన్లు. 24 మెగాపిక్సెళ్ళ సెన్సరులో ఒక్కో పిక్సెలు వెడల్పు సుమారు 6 మైక్రాన్లు. దారం పిక్సెలులో ముప్పయ్యో వంతన్నమాట! ఎంత పదునైన లెన్సు పెట్టినా దాన్ని విడదీసి చూపించలేదు. మరి కొన్ని ఫొటోల్లో దారాలు అంత స్పష్టంగా ఎలా కనిపిస్తున్నాయి? ఆకాశంలో నక్షత్రం కనిపించినట్టే. నక్షత్రం కూడా పిక్సెలు కంటే ఎంతో చిన్నది. చుట్టూ చీకటి ఉండి అది మెరుస్తుంది కాబట్టి కనిపిస్తుంది. కాబట్టి ఇది లెన్సు సమస్య కాదు, వెలుతురు సమస్య. దారం మెరవాలి, దాని వెనక చీకటి ఉండాలి. అంతే.

తలుపు సందులోంచి ఎండ పడుతున్నప్పుడు గదిలో దుమ్ము కణాలు మెరవడం చూసే ఉంటారు. మీరు ఎండకి ఎదురుగా నిలబడితే ఆ మెరుపు ఎక్కువ, ఎండ మీ వీపు వైపు ఉంటే తక్కువ. సన్నటి వస్తువు మీద పడిన వెలుగు వెనక్కి రావడం కంటే ముందుకే, కాస్త పక్కలకి చెదురుతూ వెళ్తుంది. సాలెగూడుకీ ఇదే సూత్రం. సూర్యుడు మీ వెనక ఉంటే వల మాయమైపోతుంది. వలకి అటువైపు, కాస్త పక్కగా, కాస్త పైన ఉంటే ఒక్కో దారం వెండితీగలా వెలుగుతుంది. ఉదయం ఎండెక్కిన మొదటి గంటా, సాయంత్రం ఆఖరి గంటా ఇందుకు మంచివి. సూర్యుడు కిందగా ఉంటాడు, చెట్ల నీడలు నల్లగా పొడుగ్గా ఉంటాయి. ఎండలో ఉన్న వలని నీడలో ఉన్న పొద ముందు ఉండేలా చూసుకుంటే చాలు. దీనికి రెండు అడుగులు ఎడమకో కుడికో జరగాలి, లేదా మోకాళ్ళ మీద కూచోవాలి. ఖర్చు సున్నా.

ఇక్కడ కెమెరా ఒక తప్పు చేస్తుంది. ఫ్రేములో ఎక్కువ భాగం నలుపు కనిపించేసరికి "అయ్యో, చీకటిగా ఉంది" అనుకుని అంతా తెల్లగా చేసేస్తుంది. వెనకున్న నలుపు బూడిద రంగులోకి మారి దారాల మెరుపు పోతుంది. ఎక్స్‌పోజరు ఒకటి రెండు స్టాపులు తగ్గించండి, లేదా మాన్యువల్ మోడులో మీరే పెట్టుకోండి. సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి లెన్సుకి హుడ్ తప్పనిసరి. చాలకపోతే టోపీయో, పుస్తకమో అడ్డం పెట్టుకోండి. ఎండ లేకపోతే ఫ్లాషుని కెమెరా మీద నుంచి తీసి, వలకి పక్కనుంచో వెనకనుంచో వచ్చేలా పట్టుకోండి. దాని ముందు ఓ తెల్ల కాగితం ఉంటే వెలుగు మెత్తబడుతుంది.

తర్వాతిది కోణం. సాలెగూడు దాదాపు ఒక సమతలం, సెన్సరూ సమతలమే. రెండూ సమాంతరంగా ఉంటే ఎఫ్/5.6 దగ్గర కూడా వల మొత్తం ఫోకసులో ఉంటుంది, వెనకున్న చెత్తంతా కరిగిపోతుంది. సమాంతరం బాగా తప్పితే ఒక పక్క మసకబారొచ్చు. ఫోకసు సరిగా లేదని లెన్సుని తిట్టే ముందు పక్కకి వచ్చి కెమెరా వీపు, వల ఒకే వాలులో ఉన్నాయో లేదో చూడండి. వలలు సరిగ్గా నిలువుగా ఉండవు, కొంచెం వాలి ఉంటాయి. కెమెరా కూడా అంతే వాలాలి.

ఇక సాలీడుని దగ్గరగా తియ్యడం. ఇది వేరే ఫొటో, వేరే లెక్క. వలనీ సాలీడునీ ఒకే ఫొటోలో గొప్పగా చూపించాలనుకుంటే రెండూ చెడతాయి. ముందు ఏది కావాలో తేల్చుకోవాలి. మన తోటల్లో, పొదల్లో వానాకాలం చివర తరచూ కనిపించే సిగ్నేచరు సాలీడునే తీసుకోండి. ఆర్జియోపి జాతిది. వల మధ్యలో తలకిందులుగా, కాళ్ళు రెండేసి చొప్పున జతచేసి ఇంటూ గుర్తులా కూచుంటుంది. కాళ్ళ వెంబడి తెల్లటి వంకర టింకర కుట్లుంటాయి, ఎవరో సంతకం పెట్టినట్టు. 1:1 నిష్పత్తిలో, ఎఫ్/11 దగ్గర, ఫోకసులో ఉండే లోతు సుమారు 1.3 మి.మీ. మాత్రమే. సాలీడు పొట్ట మందం దానికి మూడు రెట్లుంటుంది. పోనీ ఎఫ్/22 పెడదామంటే, 1:1 దగ్గర అది నిజానికి ఎఫ్/44లా పనిచేస్తుంది, వివర్తనం వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. దీనికి సులువైన దారి వెనక్కి జరగడం. 1:2 దగ్గర అదే ఎఫ్/11కి లోతు సుమారు 4 మి.మీ. అంటే మూడు రెట్లు. ఇంటికొచ్చాక సగానికి కత్తిరించుకోండి. 24 మెగాపిక్సెళ్ళలో 6 మిగుల్తాయి, ఏ4 సైజు ప్రింటుకి అది ధారాళంగా సరిపోతుంది. వెనక్కి జరగడం వల్ల లోతూ పెరుగుతుంది, సాలీడుకీ ఇబ్బంది తగ్గుతుంది. ఇంజినీరింగులో ఇలా రెండు లాభాలు ఒకేసారి దొరకడం అరుదు.

ఇప్పుడు లెన్సు సంగతి. మీరు చూడాల్సింది ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందని కాదు, ఎంత దూరం నుంచి చేస్తుందని. 100 మి.మీ. మాక్రో లెన్సుతో 1:1 దగ్గర లెన్సు అంచుకీ సాలీడుకీ మధ్య జానెడు కంటే తక్కువ దూరమే ఉంటుంది. 50, 60 మి.మీ. లెన్సులతో ఇంకా దగ్గరికి వెళ్ళాలి. 150, 180 మి.మీ. అయితే మరీ హాయి. డబ్బులు పెట్టలేనివాళ్ళు ఉన్న జూమ్ లెన్సు ముందు క్లోజప్ గ్లాసు తగిలించుకోవచ్చు. +8 డయాప్టరు గ్లాసుకి నాభ్యంతరం 125 మి.మీ. లెన్సుని 250 మి.మీ. దగ్గర పెడితే 2:1, 125 దగ్గర పెడితే 1:1. ఎలా చూసినా 12 సెం.మీ. పైచిలుకు దూరం మిగుల్తుంది. ఫోన్లతో వచ్చిన చిక్కు కూడా దూరమే. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెం.మీ. దూరం నుంచి మాక్రో తీస్తుందని గొప్పగా చెప్పుకున్నారు. ఆకు మీద పురుగుకి అది గొప్పే. వలలో సాలీడు దగ్గరికి 2 సెం.మీ. వరకూ ఫోను తీసుకెళ్తే ఏదో ఒక దారానికి తగలడం ఖాయం. ఫోనులో టెలిఫొటో కెమెరా ఉంటే దాంతో దూరం నుంచే తీసి కత్తిరించుకోవడం మేలు.

దూరం గురించి ఇంత చాదస్తం ఎందుకంటే, వల అనేది సాలీడుకి ఇల్లు మాత్రమే కాదు. గుండ్రటి వలలు అల్లే సాలీళ్ళకి ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంత మాత్రం. అవి లోకాన్ని కాళ్ళతో వింటాయి. కాళ్ళ మీదున్న సన్నటి చీలికల్లాంటి అవయవాలు వలలో పుట్టే కంపనాన్ని పట్టుకుంటాయి. పడింది పురుగా, ఆకా, జత కోసం వచ్చిన మగదా అన్నది దారం అదిరే తీరుని బట్టి తేలుతుంది. మన ఊపిరి తగిలినా దానికి కబురందుతుంది. అప్పుడు సిగ్నేచరు సాలీడు వలని ఊయలలా ఊపేస్తుంది, లేదా వలకి అటువైపుకి మారుతుంది, లేదా దారం పట్టుకుని కిందికి జారిపోతుంది. మీ ఫొటో పోయినట్టే. నెమ్మదిగా వెళ్ళి, ఊపిరి పక్కకి వదిలి, రెండు నిమిషాలు కదలకుండా ఉంటే అది తన పనిలో తానుంటుంది. గాలికి వల ఊగుతుంటే గడియారం లోలకం గుర్తు తెచ్చుకోండి. ఊపు చివర క్షణకాలం వేగం సున్నా అవుతుంది. ఆ చివర్న ఫోకసు పెట్టుకుని, వల అక్కడికి వచ్చినప్పుడల్లా నొక్కండి. ఫ్లాషు ఉంటే ఇంకా నయం, దాని మెరుపు వ్యవధి తక్కువ కాబట్టి కదలికని బిగించేస్తుంది.

ఇక నీళ్ళ విషయానికొద్దాం. పురుగుల్ని పట్టే దారం మీద వరసగా జిగురు బొట్లుంటాయి. ఆ జిగురు పనిచెయ్యడానికి కావలసిన పదార్థాల్లో కొన్ని నీళ్ళలో కరిగిపోయేవే. వల చట్రాన్ని మోసే దారాలు తడిస్తే ముడుచుకుంటాయి. పిండి చల్లితే జిగురు బొట్లన్నీ పిండికే అతుక్కుపోతాయి, ఇక పురుగుకేం అతుకుతాయి? మనం బుస్సుమని కొట్టింది ఓ రోజు భోజనం మీద.

"ఎలాగూ రేపు మళ్ళీ అల్లుకుంటుంది కదా, ఏమైంది?" అంటారు. ఈ వాదనలో కొంత నిజముంది. చాలా జాతులు రోజూ కొత్త వల అల్లుతాయి. పాతదాన్ని తినేసి, ఆ మాంసకృత్తులతోనే కొత్త దారం తయారుచేసుకుంటాయి. మనం ఇప్పుడు గార్బేజ్ కలెక్షన్ అని చదువుకునేది అవి ఎప్పట్నించో చేస్తున్నాయి. కానీ అలా అల్లడానికి కావలసిన శక్తి ముందు రోజు తిన్న తిండి నుంచే రావాలి. గుడ్లు పెట్టే కాలంలో ఉన్న ఆడ సాలీడుకి ఒక రోజు పస్తు చిన్న విషయం కాదు. పైగా అన్నీ రోజూ అల్లవు. మన అడవుల్లో కనిపించే నెఫిలా పిలిపెస్ ఉంది చూశారూ, ఆడదాని ఒళ్ళు 3 నుంచి 5 సెం.మీ., పక్కనే మగది అందులో పదో వంతు. అది మీటరు పైన వెడల్పున్న బంగారు రంగు వల అల్లుతుంది. రోజూ మొత్తం పీకి కట్టదు, పాడైన భాగాన్ని బాగుచేసుకుంటూ రోజుల తరబడి వాడుకుంటుంది. "రేపు రీస్టార్ట్ చేసుకుంటుందిలే" అని ఎవరైనా మన ప్రొడక్షన్ సర్వరు మీద నీళ్ళు పోస్తే ఊరుకుంటామా?

"శాస్త్రవేత్తలు కూడా పిండి చల్లేవారట కదా" అని ఇంకో వాదన. నిజమే. వలలో దారాలన్నీ లెక్కపెట్టాల్సిన పరిశోధనల్లో మొక్కజొన్న పిండి వాడిన మాట వాస్తవం. వాళ్ళకి ఒక్కో దారం ఒక కొలత, ఒక్కటి కనపడకపోయినా లెక్క తప్పుతుంది. మనకి కావలసింది కొలత కాదు, బొమ్మ. పైగా ముట్టుకోకుండా తీసిన ఫొటోలే చెప్పగలిగే కబుర్లు కొన్నున్నాయి. 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో బంగారు దారపు సాలీళ్ళని పెట్టి, అయిదేసి నిమిషాలకోసారి కెమెరాలతో ఫొటోలు తీశారు. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. భూమ్మీద ఈ సాలీడు వల కేంద్రం పై అంచుకి దగ్గరగా ఉంటుంది, సాలీడు తల కిందికి పెట్టి కూచుంటుంది. భారరహిత స్థితిలో ఆ పద్ధతి చెదిరింది. అయితే దీపాలు వెలుగుతున్నప్పుడు మొదలుపెట్టిన వలలు మాత్రం దాదాపు భూమ్మీద లాగే వచ్చాయి. గురుత్వాకర్షణ లేనప్పుడు సాలీడు వెలుతురుని బట్టి పైనేదో కిందేదో తేల్చుకుందన్నమాట. ఎవరూ ఊహించని ఈ సంగతి బయటపడింది ఓపిగ్గా తీసిన వేల ఫొటోల వల్ల.

అయితే మంచు ముత్యాల ఫొటో వద్దా? ఎందుకొద్దు, నిక్షేపంగా తియ్యండి. చలికాలంలో, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి తర్వాత, తెల్లారకముందే చెరువు గట్టు దగ్గరకో, పొలాల్లోకో వెళ్ళండి. అరకు దాకా వెళ్ళనక్కర్లేదు, హైదరాబాదు పొలిమేరల్లోనూ దొరుకుతుంది. కాస్త పరిశీలనగా చూస్తే అసలు మంచుకీ, స్ప్రే నీళ్ళకీ తేడా కూడా తెలుస్తుంది. మంచు బొట్లు దారం వెంట చిన్నగా, పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి. స్ప్రే బొట్లు ఒకటి పెద్ద ఒకటి చిన్న, అడ్డదిడ్డంగా వేలాడతాయి. కిందున్న గడ్డి పొడిగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అయినా సరే నీళ్ళు చల్లే తీస్తానంటారా? కనీసం ఫొటో కింద ఆ మాట రాయండి. చల్లిన నీళ్ళకి "మంచు" అని పేరు పెట్టడం, రెజ్యూమేలో చెయ్యని ప్రాజెక్టు రాసుకోవడం లాంటిదే.

అడ్డొచ్చిన ఆకులు తుంచెయ్యడం కూడా ఇలాంటిదే. వల చట్రం ఏ కొమ్మకి కట్టి ఉందో పైకి కనపడదు. మీటరు దూరంలో ఉన్న పుల్లకి కూడా లంగరు దారం ఉండొచ్చు. దాన్ని విరిస్తే వల మొత్తం కుప్పకూలుతుంది. దగ్గరికి వెళ్ళే ముందు రెండు మీటర్ల దూరం నుంచి, టార్చి పక్కగా వేసి, దారాలు ఎక్కడెక్కడ కట్టి ఉన్నాయో చూసుకోండి. కోడు మార్చే ముందు డిపెండెన్సీలు చూడమా, అలాగే.

చివరగా ఒక మాట. అరుదైన జాతి దొరికితే ఫొటో బయట పెట్టే ముందు ఎగ్జిఫ్‌లో జీపీఎస్ వివరాలు చెరిపెయ్యండి. ఇది అతి జాగ్రత్త కాదు. అనంతపురం జిల్లా గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలం రంగు సాలీడు ఒకటుంది. వల అల్లేది కాదు, చెట్టు తొర్రల్లో ఉండేది. 1899లో పోకాక్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. మళ్ళీ అది కనపడడానికి వందేళ్ళు పట్టింది, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. 2008లో అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. అడవి తరిగిపోవడంతో పాటు, అందంగా ఉందని పెంచుకోడానికి పట్టుకుపోయేవాళ్ళ బెడద కూడా దానికుంది. మన ఫొటో అలాంటివాళ్ళకి చిరునామా కాకూడదు.

మనకి సాలెగూడు అనగానే గుర్తొచ్చేది బూజు కర్ర. పండక్కి ముందు ఇంట్లో దులపాల్సిందే, దానికి నేనూ అడ్డు చెప్పను. కానీ శ్రీకాళహస్తి పేరులో పాము కంటే, ఏనుగు కంటే ముందున్న "శ్రీ" సాలీడే కదా! ఆ కథలో అది దేవుడికి దారాలతోనే గుడి కడుతుంది, దీపం అంటుకుని ఆ పనితనం కాలిపోతే మంట మీదకే దూకుతుంది. కట్టుకున్నదాని మీద దానికెంత పట్టుదలో మన పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. భక్తి సంగతి పక్కన పెట్టినా, ఒక రాత్రి కష్టపడి కట్టుకున్న దాన్ని మన పది నిమిషాల సరదా కోసం పాడుచెయ్యకూడదన్న ఇంగితం చాలు. వెలుతురుకి ఎదురు నిలబడండి, వెనక చీకటి వెతుక్కోండి, సెన్సరుని వలకి సమాంతరంగా పట్టుకోండి, ఒక అడుగు వెనక్కి వెయ్యండి. మీరు వెళ్ళిపోయాక కూడా ఆ వలలో పురుగు పడాలి. పడగలిగితే, ఆ ఫొటో బాగా తీసినట్టే లెక్క.